ఎమిలీ డికిన్సన్ తలుపేసుకుంది సరే, ఉత్తరాలు మానలేదు కదా

మీరు అడిగినవి మూడు. అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్సన్ ప్రేమ విఫలమై, తెల్లబట్టలు కట్టుకుని, జీవితమంతా గదిలో తలుపేసుకుని కవిత్వం రాసిందని వీడియోల్లో చెబుతున్నారు, అది నిజమా అని మొదటిది. అంత రాసిన మనిషి బతికుండగా ఒక్క పుస్తకం కూడా ఎందుకు వేయలేదని రెండోది. సిలబస్‌లో కవితలే కదా ఉన్నాయి, ఉత్తరాలు కూడా చదవాలా అని మూడోది. మూడోదానికి ముందే చెప్పేస్తాను. చదవాలి, అసలు అక్కడే మొదలుపెట్టాలి. మొదటి రెండు ప్రశ్నలకూ జవాబు దొరికేది ఆ ఉత్తరాల్లోనే.

నేను ముప్ఫై ఏళ్ల పాటు డిగ్రీ, పీజీ పిల్లలకు ఇంగ్లిష్ పాఠాలు చెప్పాను. అందులో మొదటి పన్నెండేళ్లూ ఈవిడ కవిత ఒకదాన్ని తప్పుగా చెప్పాను. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

ముందు మనిషి గురించి. 1830 డిసెంబర్ 10న మసాచుసెట్స్‌లోని ఆమ్‌హర్స్ట్‌లో పుట్టింది. 1886 మే 15న, యాభై అయిదేళ్ల వయసులో, పుట్టిన ఇంట్లోనే పోయింది. మధ్యలో ఓ పదిహేనేళ్లు అదే ఊళ్లో ఇంకో ఇంట్లో ఉన్నారు. తాత ఆమ్‌హర్స్ట్ కాలేజీ పెట్టినవాళ్లలో ఒకడు, ఆ పిచ్చిలో ఆస్తంతా పోగొట్టుకున్నాడు. తండ్రి ఎడ్వర్డ్ లాయరు, అదే కాలేజీకి కోశాధికారి, ఒక విడత వాషింగ్టన్‌లో కాంగ్రెస్ సభ్యుడు. అన్న ఆస్టిన్, చెల్లెలు లవీనియా. ఊళ్లోకి ఏ పెద్దమనిషి వచ్చినా భోజనానికి దిగే ఇల్లది. పేపర్లు, పత్రికలు, రాజకీయాలు అన్నీ ఆ గుమ్మం ముందే తిరిగేవి. లోకం తెలియని పల్లెటూరి పిల్ల అనుకుంటే మొదటి అడుగే తప్పు.

బాగా చదువుకుంది కూడా. ఆమ్‌హర్స్ట్ అకాడమీలో ఏడేళ్లు చదివింది. ఆ వయసులోనే నాలుగు వందలకు పైగా మొక్కల్ని ఎండబెట్టి, అతికించి, పేర్లు రాసి పెట్టిన ఆల్బమ్ ఇప్పుడు హార్వర్డ్ గ్రంథాలయంలో ఉంది. 1847లో మౌంట్ హోల్యోక్ అనే ఆడపిల్లల విద్యాలయంలో చేరింది. అక్కడ అమ్మాయిల్ని విశ్వాసాన్ని బట్టి మూడు గుంపులుగా లెక్కవేసేవాళ్లు: క్రైస్తవులమని ఒప్పుకున్నవాళ్లు, ఆశ ఉన్నవాళ్లు, ఆశ లేనివాళ్లు. ఎమిలీ మూడో గుంపులోనే మిగిలింది. చుట్టూ చాలామంది మిగతా గుంపుల్లోకి మారుతుంటే పదహారు, పదిహేడేళ్ల పిల్ల కదలకుండా ఉండటం చిన్న విషయం కాదు. ఏడాది తిరగకుండానే ఇంటికి వచ్చేసింది. చర్చిలో ఎప్పటికీ సభ్యురాలు కాలేదు.

ఇక గది సంగతి. 1855లో వాషింగ్టన్, ఫిలడెల్ఫియా వెళ్లింది. 1864లో ఒకసారి, 1865లో మరోసారి కంటి జబ్బుకి వైద్యం కోసం బోస్టన్ పక్కన నెలల తరబడి కజిన్ల దగ్గర ఉంది. "మా నాన్న నేల దాటి ఏ ఇంటికీ ఏ ఊరికీ పోను" అన్న వాక్యాన్ని అందరూ ఉదహరిస్తారు గానీ అది 1869 నాటి ఉత్తరంలోది. అప్పటికి ఆమెకు నలభై దగ్గరపడుతున్నాయి. అంటే జీవితమంతా కాదు, మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వచ్చింది. ఎందుకంటే ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరు. చెప్పేవాళ్లని నేను నమ్మను.

ఆ ఇంట్లో ఊరికే కూర్చోలేదు. ఇంటి రొట్టె ఆమే చేసేది, ఎందుకంటే తండ్రికి ఆమె చేతి రొట్టే కావాలి. 1856లో ఊరి పశువుల సంతలో రై అనే ధాన్యం పిండి, మొక్కజొన్న పిండి కలిపి చేసిన రొట్టెకి రెండో బహుమతి వచ్చింది. ఇరుగుపొరుగు పిల్లలకి కిటికీలోంచి బుట్టకి తాడు కట్టి జింజర్‌బ్రెడ్ దింపేది. వంట కాగితాల వెనక, చించిన కవర్ల లోపలి వైపు, ఒకచోట చాక్లెట్ చుట్టిన కాగితం మీద కూడా కవితల ముక్కలు దొరికాయి. ఇవి చదువుతుంటే నాకు మబ్బుల్లో తేలే మనిషి కనపడదు. పొయ్యి మీద ఏదో ఉండగా గబగబా ఏ కాగితం దొరికితే దాని మీద రాసుకునే మనిషి కనపడుతుంది.

తెల్లబట్టల దగ్గర మన తెలుగు వ్యాసాలు మరీ సాగదీస్తాయి. మనకి తెలుపంటే వెంటనే వైధవ్యం గుర్తొస్తుంది కాబట్టి, ఎవరో చనిపోతే ఆమె మనసులో విధవ అయిపోయిందని కథ అల్లేస్తారు. ఆమె గౌను ఒకటి ఇప్పటికీ ఉంది. మామూలు నూలు గౌను, ముందువైపు గుండీలు, పక్కన జేబు. ఇంట్లో పనికి వేసుకునే రకం. ఆ జేబులో పెన్సిల్, కాగితం ముక్క పట్టేవని నేను ఊహించుకుంటాను. అది ఊహే.

ప్రేమ విషయానికొస్తే, "మాస్టర్" అని సంబోధించిన మూడు చిత్తు ఉత్తరాలు ఆమె కాగితాల్లో దొరికాయి. ఎవరికి రాసిందో, అసలు పంపిందో లేదో తెలీదు. పాస్టర్ వాడ్స్‌వర్త్ అని కొందరు, పత్రికా సంపాదకుడు బౌల్స్ అని కొందరు వందేళ్లుగా కొట్టుకుంటున్నారు. నా అభిప్రాయంలో ఆ కొట్లాట వల్ల కవిత్వానికి ఒరిగిందేమీ లేదు. రుజువున్న ప్రేమ వేరే ఉంది, దాని గురించి మాత్రం తక్కువ మాట్లాడతారు. దాదాపు యాభై ఏళ్ల వయసులో, తండ్రి స్నేహితుడు, భార్య పోయిన జడ్జి ఓటిస్ లార్డ్‌తో నడిచిన ఉత్తరాలు. చిలిపిగా, ఒళ్లు మరిచి రాసింది. ఆయన ఇంకా దగ్గరికి రమ్మంటే ఇచ్చిన జవాబు: "మనం భాషకి అప్పగించే మాటలన్నిటిలోకీ 'వద్దు' అన్నదే అన్నిటికంటే అదుపు లేని మాటని మీకు తెలీదూ?" ప్రేమ విఫలమై కుమిలిపోయిన అబల రాసే వాక్యమా ఇది?

ఇక వదిన సూజన్. చిన్ననాటి స్నేహితురాలు, 1856లో అన్నని పెళ్లి చేసుకుని పక్కింట్లోకి వచ్చింది. రెండిళ్ల మధ్య కాలిబాట మీద ముప్ఫై ఏళ్లు చీటీలు నడిచాయి. ఎమిలీ అందరికంటే ఎక్కువ కవితలు పంపింది సూజన్‌కే, రెండు వందల యాభై దాకా. "షేక్‌స్పియర్‌ని మినహాయిస్తే, బతికున్నవాళ్లలో నువ్వు చెప్పినంత జ్ఞానం నాకెవరూ చెప్పలేదు" అని రాసింది ఆమెకే. తర్వాత ఎవరో కొన్ని ఉత్తరాల్లోంచి సూజన్ పేరు గీకేశారు. చెరిపిన ఆ చోట్లని ఈ మధ్య కాలంలో ప్రత్యేకమైన ఫొటోలు తీసి మళ్లీ చదవగలిగారు. ఒంటరి కవయిత్రి బొమ్మ నిలవాలంటే పక్కింట్లో ఒక పాఠకురాలు ఉండకూడదు కదా!

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. 1862 ఏప్రిల్‌లో 'అట్లాంటిక్ మంత్లీ' పత్రికలో కొత్త రచయితలకు సలహాలిస్తూ థామస్ వెంట్‌వర్త్ హిగిన్సన్ ఒక వ్యాసం రాశాడు. అదే నెల 15న ఎమిలీ ఆయనకి నాలుగు కవితలు జతచేసి ఉత్తరం పెట్టింది. మొదటి వాక్యం: "నా పద్యం బతికే ఉందో లేదో చెప్పడానికి కూడా తీరికలేనంత పనిలో ఉన్నారా?" కింద సంతకం లేదు. పేరు వేరే కార్డు మీద రాసి, దాన్ని ఇంకో చిన్న కవర్లో పెట్టి లోపల ఉంచింది.

ఆయన జవాబులో వయసు, చదువు, ఎన్నాళ్లుగా రాస్తున్నావు అని అడిగినట్టున్నాడు. ఎమిలీ ఇచ్చిన జవాబు చూడండి. "ఈ చలికాలం దాకా ఒకటో రెండో తప్ప పద్యాలేమీ రాయలేదండీ" అంది. శుద్ధ అబద్ధం! అప్పటికే దాదాపు మూడొందల కవితలు రాసి పెట్టుకుంది. తోడెవరని అడిగితే "కొండలు, పొద్దుగుంకడం, నా అంత కుక్క ఒకటి, మా నాన్న కొనిపెట్టాడు" అంది. ఫొటో పంపమంటే లేదంది. మాటల్లోనే బొమ్మ గీసి ఇచ్చింది: పిట్టంత మనిషిని, నా కళ్లు అతిథి గ్లాసు అడుగున వదిలేసిన షెర్రీ వైన్ రంగులో ఉంటాయి అని. నిజానికి పదహారేళ్లప్పుడు తీయించుకున్న ఫొటో ఒకటి ఉంది, ఇవాళ ప్రతి పుస్తకం అట్ట మీదా కనపడేది అదే. అందుకే ఉత్తరాలు చదివేటప్పుడు ఆమె చెప్పిందల్లా అమాయకంగా నమ్మకండి. ఒక్కొక్కరికి ఒక్కో గొంతుతో రాసేది. హిగిన్సన్‌కి శిష్యురాలు, కజిన్లకి పెద్దక్క, లార్డ్‌కి కొంటె మనిషి.

తొందరపడి అచ్చుకి వెళ్లొద్దని హిగిన్సన్ చెప్పాడు. "అచ్చు నా ఆలోచనకి ఎంత దూరమంటే, చేప రెక్కకి ఆకాశమంత" అని జవాబిచ్చింది. ఈ మాటని మొహమాటం అనేవాళ్లున్నారు, గర్వం అనేవాళ్లున్నారు. నేను రెండూ కొంత కొంత అంటాను. కానీ పాఠకులు అక్కర్లేని మనిషి వందల కవితలు పోస్టులో పంపదు. కవితని ఉత్తరంలో మడిచి, ఒక్కోసారి ఎండిన పువ్వు పెట్టి, తను ఎంచుకున్న మనిషికి పంపేది. ఆమె ప్రచురణ పద్ధతి అది. బతికుండగా పేపర్లలో వచ్చినవి పది చిల్లర, అన్నీ పేరు లేకుండానే. అందులో మూడు 1864లో అమెరికా అంతర్యుద్ధంలో గాయపడిన సైనికుల సహాయం కోసం బ్రూక్లిన్‌లో నడిపిన పేపర్లో వచ్చాయి. యుద్ధం పట్టని కవయిత్రి అన్న మాటకి అది కూడా జవాబే. ఆమె అన్నిటికంటే ఎక్కువ రాసింది ఆ యుద్ధపు సంవత్సరాల్లోనే.

హిగిన్సన్‌ని క్లాసుల్లో విలన్ చేసేస్తారు. నాకాయనంటే ఇష్టం. విముక్తులైన నల్లజాతి సైనికుల తొలి రెజిమెంట్లలో ఒకదానికి నాయకత్వం వహించిన మనిషి. ఆయన దక్షిణాదికి యుద్ధానికి వెళ్తే ఎమిలీ రాసింది, "మీరు అసంభవం కాకముందే మిమ్మల్ని చూసి ఉండాల్సింది" అని. ఆయన కవిత్వం పూర్తిగా అందుకోలేకపోయాడు, నిజమే. కానీ ఉత్తరాలు పారేయలేదు, జవాబివ్వడం మానలేదు.

ఎనిమిదేళ్ల తర్వాత, 1870 ఆగస్టు 16న, ఆమ్‌హర్స్ట్ వచ్చాడు. ఆ రాత్రి భార్యకి రాసిన ఉత్తరమే మనకి ఎమిలీని దగ్గర్నించి చూపించే గొప్ప సాక్ష్యం. హాల్లో కూర్చుని ఎదురుచూస్తుంటే చిన్నపిల్ల పరిగెత్తినట్టు అడుగుల చప్పుడు. ఎర్రటి జుట్టు రెండు పాయలుగా నున్నగా దువ్విన, అంత అందగత్తె కాని చిన్న మనిషి, తెల్లటి శుభ్రమైన గౌను, నీలం ఊలు శాలువా. రెండు లిల్లీ పువ్వులు పసిపిల్లలా ఆయన చేతిలో పెట్టి, భయంగా, ఊపిరందని గొంతుతో "ఇవే నా పరిచయం" అంది. కొత్తవాళ్లని చూడను, ఏం మాట్లాడుతున్నానో నాకే తెలీదు, క్షమించండి అంది. ఆ తర్వాత ఇక ఆపలేదు. "ఒక పుస్తకం చదివితే ఏ మంటా వెచ్చబరచలేనంతగా ఒళ్లంతా చల్లబడితే అది కవిత్వమని తెలుస్తుంది. నడినెత్తి ఊడి వచ్చినట్టనిపిస్తే అది కవిత్వమని తెలుస్తుంది" అన్నది అప్పుడే. అదే కూర్చోవడంలో రొట్టె సంగతి కూడా చెప్పింది. "మనుషులకి పుడ్డింగులు ఉండాలి కదా" అని ఏదో తోకచుక్కల గురించి చెబుతున్నట్టు, కలలో ఉన్న మనిషిలా చెప్పిందట. నా నరాల్లోని సత్తువంతా ఇంతగా లాగేసిన మనిషిని ఎప్పుడూ చూడలేదు, ఆమె దగ్గర్లో నేను కాపురం ఉండనందుకు సంతోషం అని కూడా రాశాడు హిగిన్సన్. పాపం, నిజాయితీపరుడు.

ఇప్పుడు నా పన్నెండేళ్ల తప్పు. మృత్యువు గుర్రబ్బండి తెచ్చి ఎక్కించుకుని వెళ్లే కవిత మీకూ సిలబస్‌లో ఉండే ఉంటుంది. మా కాలేజీకి వచ్చిన సంకలనంలో దానికి ఐదు చరణాలు. 'ది చారియట్' అని పేరు. నేను ఆ పేరు మీద ఒక పీరియడ్, రథం, యమధర్మరాజు అంటూ ఇంకో పీరియడ్ చెప్పేవాణ్ణి. ఒక ఏడాది వెనక బెంచీ అమ్మాయి లేచి, "సార్, లైబ్రరీ పుస్తకంలో ఆరు చరణాలున్నాయి, పేరు లేదు" అంది. టెన్షన్ పడి స్టాఫ్‌రూమ్‌కి వెళ్లి చూసుకుంటే ఆ పిల్ల చెప్పిందే రైటు.

జరిగింది ఇది. ఎమిలీ పోయాక చెల్లెలు లవీనియా, అక్క మాట ప్రకారం ఆమెకి వచ్చిన ఉత్తరాలన్నీ కాల్చేసింది. తర్వాత పెట్టె తెరిస్తే కవితలు. 1858 నుంచి 1864 వరకూ ఎమిలీ మంచి కాగితం మీద సాపు రాసి, పక్కన రెండు బెజ్జాలు పొడిచి, దారంతో కుట్టిన చిన్న పుస్తకాలు నలభై ఉన్నాయి, వాటిలోనే ఎనిమిది వందలకు పైగా కవితలు. కొన్నిచోట్ల ఒక మాట పక్కన చిన్న కూడిక గుర్తు పెట్టి, పేజీ అడుగున ఇంకో రెండు మూడు మాటలు రాసి, ఏదో ఒకటి తేల్చకుండా వదిలేసింది. లవీనియా ముందు వదిన సూజన్‌కి ఇచ్చింది. పని సాగడం లేదని మేబెల్ టాడ్ అనే ఆవిడ చేతికిచ్చింది. ఈ మేబెల్, సూజన్ మొగుడైన ఆస్టిన్‌తో సంబంధంలో ఉన్న మనిషి. మన సీరియళ్లు ఏం చాలతాయి దీని ముందు? మేబెల్, హిగిన్సన్ కలిసి 1890 నవంబర్లో 115 కవితలతో పుస్తకం తెచ్చారు. రెండేళ్లలో పదకొండు ముద్రణలు. దాని కోసం ప్రాసలు సరిచేశారు, డాష్‌లు తీసేశారు, పేర్లు తగిలించారు, దారాలు విప్పేశారు.

బండి కవితలో ఏం చేశారో చూడండి. ఎమిలీ రాసిన మూడో చరణంలో పిల్లలు విరామంలో 'రింగ్'లో పోటీపడుతుంటారు, చివర అస్తమించే 'సన్' వస్తాడు. రింగ్, సన్ సరిపోలేదని, పిల్లలు పాఠాలు అప్పుడే ముగించి ఆడుకుంటున్నారని మార్చి, 'డన్', 'సన్' అని అతికించారు. చెవికి నున్నగా ఉంది, అర్థం చప్పబడింది. ఎమిలీ పిల్లలు ఆడుకోవడం లేదు, పోరాడుతున్నారు. రింగ్, సన్ మధ్య ఉన్నది పూర్తి ప్రాస కాదు, చుట్టరికం. పద్యం చదువుకున్న తెలుగువాళ్లకి ఇది కొత్త కావడానికి వీల్లేదు. మన యతి మైత్రిలో చ, జ, శ, స చుట్టాలే కదా! క్లాసులో ఈ పోలిక చెప్పిన రోజు నుంచి పిల్లలకి ఆమె ప్రాసల మీద భయం పోయింది.

మొత్తంగా ఎగరగొట్టిన చరణం దాని వెంటనే వస్తుంది. నా తెలుగులో సుమారుగా:

కాదు కాదు – సూర్యుడే మమ్మల్ని దాటిపోయాడు –
మంచు వణుకుతూ, చల్లగా దిగింది –
నా ఒంటి మీద సాలెగూడంత గౌను –
భుజాల మీద వలగుడ్డ – అంతే –

ముందు చరణం దాకా బండి సాఫీగా పోతోంది, "సూర్యుణ్ణి దాటాం" అంటుంది. ఇక్కడ నాలుక్కరుచుకుని దిద్దుకుంటుంది. దాటింది మేము కాదు, ఆగిపోయింది మేము. షికారుకని పల్చటి బట్టలతో బయల్దేరిన మనిషికి మొదటిసారి చలి తగిలే చోటు ఇదే. ఈ నాలుగు లైన్లు తీసేస్తే చావు ఒక మర్యాదస్తుడి బండి షికారుగా మిగిలిపోతుంది. నేను పన్నెండేళ్లు చెప్పింది ఆ షికారే.

ఆస్టిన్ పోయాక ఒక స్థలం విషయంలో లవీనియాకీ మేబెల్‌కీ కోర్టు గొడవ నడిచి, చేతిరాతలు రెండిళ్ల మధ్య చీలిపోయాయి. సూజన్ వైపువి హార్వర్డ్‌కి, మేబెల్ వైపువి ఆమ్‌హర్స్ట్ కాలేజీకి చేరాయి. అందుకే ఆమె రాసినవి రాసినట్టుగా ఒక్కచోట చూడటానికి 1955 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు థామస్ జాన్సన్ 1,775 కవితలు తెచ్చాడు. 1998లో రాల్ఫ్ ఫ్రాంక్లిన్ లెక్క 1,789. బండి కవిత నంబరు జాన్సన్‌లో 712, ఫ్రాంక్లిన్‌లో 479. ఇంటర్నెట్‌లో మీకు పేరున్న కవిత, డాష్‌లు లేని కవిత కనపడితే అది 1890ల నాటి దిద్దుబాటు అని అనుమానించండి. ఉత్తరాలకి 2024లో కొత్త సంపుటం వచ్చింది, 1,304 ఉన్నాయి. మనుషులకి పంపిన కవితల్ని కూడా ఉత్తరాలుగానే లెక్కపెట్టారు. నేనైతే చప్పట్లు కొట్టాను.

ఒక హెచ్చరిక. ఉత్తరాల్లో అన్నీ ముద్దొచ్చేవి ఉండవు. 1851లో, బోస్టన్‌లో ఐరిష్ పిల్లలకి పాఠాలు చెబుతున్న ఆస్టిన్‌కి, కొందర్ని చంపేసినా ఫర్వాలేదు, అమెరికన్లకి చోటు లేకుండా పోతోంది అని వేళాకోళంగా రాసింది. జోకే, కానీ వెనక ఉన్నది ఆ ఇంటి పెద్దరికం. అలాంటి మనిషి ముప్ఫై ఏళ్ల తర్వాత, జడ్జి లార్డ్‌కి జబ్బు చేసిందని తెలిసి, ఇంట్లో పనిచేసే ఐరిష్ టామ్ నీలం కోటులో మొహం దాచుకుని ఏడ్చానని రాసింది. కవితల్ని తన పెట్టెలో దాచింది ఐరిష్ పనిమనిషి మ్యాగీ మాహెర్. శవపేటిక మోసింది, ఆమె కోరిక ప్రకారమే, ఆ ఇంట్లో పనిచేసిన ఆరుగురు ఐరిష్ మనుషులు, వెనక గుమ్మంలోంచి పొలాలకి అడ్డంపడి.

హిగిన్సన్‌కి రాసిన ఉత్తరాలతో మొదలుపెట్టండి. 1862వి మొదట. తర్వాత కుక్క పోయినప్పుడు, 1866లో రాసింది చూడండి: "కార్లో పోయింది. ఈ. డికిన్సన్. ఇక నాకు బోధిస్తారా?" ఉత్తరం మొత్తం అంతే. ఆ ఏడాదే పాము కవిత గురించి రాసింది కూడా చదవండి. ఆ కవితలో పాము అన్న మాటే ఉండదు, గడ్డిలో ఒక సన్నటి మనిషి అంటుంది. మన పొడుపు కథలాంటిది. పేపరువాళ్లు దానికి 'పాము' అని పేరు పెట్టి విప్పు ముందే చెప్పేశారు, పైగా మూడో లైను చివర విరామం పెట్టి నాలుగో లైను నుంచి తెంపేశారు. నా దగ్గర దోచుకున్నారు, మూడూ నాలుగూ ఒకటే కదా అని హిగిన్సన్‌కి మొత్తుకుంది. ఒక్క విరామచిహ్నం కోసం అంత బాధపడిన మనిషి అచ్చుకి ఎందుకు దూరంగా ఉందో మీకు అక్కడ అర్థమవుతుంది.

ఆ కవిత చివర, పాముని చూసిన ప్రతిసారీ ఊపిరి బిగుసుకుని ఎముక దగ్గర 'జీరో' అవుతుంది అంటుంది. దీన్ని తెలుగు చేద్దామని ఏళ్లుగా ప్రయత్నిస్తున్నాను. "ఎముకలో సున్నా" అని బోర్డు మీద రాస్తే, ఒకడు "సున్నం కాదా సార్?" అన్నాడు, క్లాసంతా నవ్వింది. "ఎముకలు కొరికే చలి" అంటే అరిగిపోయిన మాట. మీకు మంచిది తడితే చెప్పండి, నా నోటు పుస్తకంలో ఆ లైను పక్కన కూడిక గుర్తు పెట్టి ఉంచాను.